పెరటి రాట

పెళ్ళిపందిరి వేసేముందు రాటకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుంటలో నవధాన్యాలు పోసి మరీ నిలబెడతాం. అదే రాట పెరట్లో దడికి ఆసరాగా నిలబడితే దానివంక చూసేవాళ్ళే ఉండరు. ఏడాది పొడుగునా ఇంటి గుట్టు కాపాడేది ఆ రెండోదే కదా, పాపం!

కొల్లేటి ప్రాంతంలో, కలిదిండి వైపు పల్లెల్లో ఒకప్పుడు రాట అంటే తాటిరాటే. అడవులు లేని డెల్టాలో కలప కొనాలంటే మాటలా? గట్లమీద తాళ్ళు మాత్రం కావలసినన్ని. అలాగని ఏ తాడిని పడితే దాన్ని కొట్టేవారు కాదు. లేత తాడి లోపలంతా మెత్తటి బెండు. ముదిరిన చెట్టుకే, అదీ పైవైపునే, నల్లటి ఈనెలతో చేవ ఉంటుంది. మొదలు దగ్గర మరీ గట్టి. మొద్దుకు గొడ్డలితో గాటు పెట్టి, అందులో చీలికలు దిగగొట్టి నిలువునా చీల్చేవారు. లోపలి బెండును బాడిసెతో చెక్కేస్తే చేవ మిగిలేది. నేలలోకి దిగే కొసను మంటలో పైపైన మాడ్చేవారు, లేదా తారు పూసేవారు. రాటకు చావు నేలమట్టం దగ్గరే మరి! తడీ గాలీ కలిసే ఆ చోటే చెదా కుళ్ళూ పడతాయి. పలుగుతో గొయ్యి తవ్వి, రాట నిలిపి, చుట్టూ మన్ను కూరి గట్టిగా దిమ్మిస కొట్టేవారు.

ప్రాణమున్న రాట ఇంకొకటి ఉంది. వానల ముందు గంగరావి కొమ్మ నరికి పాతితే వేరు పట్టి చిగురిస్తుంది. తాటాకు ఏటేటా మార్చినా, ఆ రాట మాత్రం ఏటేటా లావెక్కేది.

దడికోసం ఇంత శ్రమా అంటారా? 1871లో ఇంగ్లీషు దొరలు పశువులు పరాయి నేలలో పడకుండా ఒక చట్టం తెచ్చారు. చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తోలేస్తే, జరిమానాతోపాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి. ఒక్క రాట పుచ్చి దడి ఒరిగిందా, అంతే! ఇవతల కూరపాదులు నాశనం. అవతల పాడిగేదె బందెలదొడ్డిలో, పిల్లలకు పాలుండవు. రెండిళ్ళకూ మాటలుండవు. రాట చెక్కినవాడి పనితనం మీద ఇరుగుపొరుగుల స్నేహం నిలిచేదన్నమాట.

1874లో అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు తాను చేసిన ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. ఆ ముళ్ళతీగ, దాని వెనకాలే సిమెంటు స్తంభం మన ఊళ్ళకూ వచ్చాయి. వరిచేలు చేపల చెరువులయ్యాయి. గట్లమీద తాళ్ళు పలచబడ్డాయి. సిమెంటుకు చెద పట్టదు. తాటాకు దడికి నిప్పంటుకుని ఇల్లిల్లూ పాకే గండమూ తప్పింది. మంచిదే, కాదనను.

కాని పాత రాట పీకి కొత్తది పాతే రోజున రెండిళ్ళవాళ్ళూ హద్దు దగ్గర నిలబడక తప్పేది కాదు. జానెడు ఇటా, అటా అని కాసేపు వాదించుకుని, చివరికి మజ్జిగ తాగి సర్దుకునేవారు. గోడ ఒకసారి లేస్తే ఆ మాటలతో పనే లేదు.

దడిమీద పాకిన చిక్కుడుపాదు ఎవరు పెట్టిందో ఎవరూ అడిగేవారు కాదు. ఎటు కాసిన కాయలు అటువాళ్ళవే.