బాయిలోకి దిగని ఫోను



పండుగ దగ్గర పడితే చాలు, మన ఇళ్లలో కొత్త ఫోన్ల ముచ్చట మొదలవుతుంది. మొన్న మా చిన్నవాడు పేపరు తెచ్చి నా ముందు పరిచాడు. పుస్తకంలా మడతపెట్టే ఫోనట. వెనకాల మూడు కెమెరాలట, నీళ్లలో పడ్డా ఏమీ కాదట. అన్నీ విని, "మరి మీ నాన్న బాయి దిగితే ఇది యాడుంటదిరా?" అన్నాను. వాడు తల గోక్కున్నాడు. "యాడుంటది, బండి డిక్కీల" అన్నాడు.

గోదావరిఖనిలో, రామగుండంలో కాపురం చేసేవాళ్లకు ఈ డిక్కీ సంగతి కొత్తది కాదు. ఇతర ఊళ్ల వాళ్ల కోసం చెబుతున్నాను. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోరాదన్నది పాత నియమం. మనం వాడే మామూలు సెల్‌ఫోనుకూ అక్కడ ప్రవేశం లేదు. ఏమంటారా? వంటింట్లో గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చి కూడా ముట్టుకోం కదా, అలాంటిదే. బొగ్గు పొరల్లోంచి మీథేన్ అనే వాయువు ఊరుతుంది. దానికి వాసన కూడా లేదు. గాలిలో అది నూటికి 5 నుంచి 15 పాళ్ల మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. ఫోను బ్యాటరీలోంచి ఆ రవ్వ పుట్టవచ్చు. ఒకవేళ తీసుకుపోయినా లాభం లేదనుకోండి. పైన టవరు పంపే తరంగాలు అంత మందం రాతిని దాటి కిందికి చేరవు.

అలాగని బాయిలో ఫోనే లేదనుకునేరు. ఉంది, దాని చరిత్రే వేరు. 1913 అక్టోబరు 14న బ్రిటన్‌లోని వేల్స్‌లో సెంఘెనిడ్ అనే ఊళ్లో బొగ్గుగని పేలి, 439 మంది కార్మికులు చనిపోయారు. గనిలో సంకేతాలు ఇచ్చుకునే కరెంటు గంట నుంచి వచ్చిన రవ్వే కారణం అయి ఉండవచ్చని అప్పట్లో అనుమానించారు. ఒక గంట మోగించినందుకు అంతమంది పోవడమా! దాని తర్వాత శాస్త్రజ్ఞులు ఒక లెక్క పట్టుకు కూర్చున్నారు. ఎంత కరెంటు దాకా రవ్వ పుట్టినా వాయువు అంటుకోకుండా ఉంటుంది? ఆ హద్దు దాటని కరెంటుతోనే గంటలూ ఫోన్లూ తయారయ్యాయి. తీగ తెగినా, రాపిడి పుట్టినా మంట రాదు.

అందుకే బాయి ఫోనుకు అందం లేదు. గోడకు బిగించిన బరువైన పెట్టె. పాత రకాల్లో అయితే పక్కన ఒక పిడి ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పితే ఆ తిప్పుడుకు పుట్టిన కరెంటే అవతల గంట మోగిస్తుంది. ఇంకో రకంలో బ్యాటరీ కూడా అక్కర్లేదు. మనిషి గొంతు బలంతో పుట్టే కరెంటే మాటను అవతలికి మోసుకుపోతుంది. చీకట్లో, తడిచేతులతో తడుముకుని పట్టుకున్నా పనిచేయాలి. దానికి అంతకు మించిన సొగసు ఎందుకు చెప్పండి!

ఇక బయటి ఫోను. 1876లో గ్రాహంబెల్ పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1882 నాటికే కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 1948లో బెంగుళూరులో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ పెట్టాక, వేలుపెట్టి తిప్పే నల్లటి ఫోను మనకు చిరపరిచితమైంది. మా చిన్నప్పుడు కాలనీలో అది ఉన్న ఇల్లు వేళ్లమీద లెక్క. ఫోనుకు కుట్టుపూల గుడ్డ కప్పి, దానికో తాళం కూడా వేసేవారు! తర్వాత పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు వచ్చాయి. పొద్దుపోయాక రేటు తగ్గుతుందని, రెండో షిఫ్టు దిగినవాళ్లు బొగ్గుమసి మొహాలతోనే వరుసలో నిలబడేవారు.

అమెరికాలో 1973లో మార్టిన్ కూపర్ చేతిలో పట్టుకుని మాట్లాడే ఫోను చూపించాడు. 1983లో అది దుకాణానికి వచ్చింది. బరువు ముప్పావు కిలో, ధర 3,995 డాలర్లు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాటలు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో సుఖ్‌రామ్‌తో మాట్లాడినది. అప్పట్లో మనకు ఫోను వచ్చినా మనమే డబ్బు కట్టాలి, ఎంత అన్యాయమో చూడండి.

ఆ బాధ తీరింది 2003లో. వచ్చే కాల్ ఉచితమైంది. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. కెమెరా లేదు, రంగుల తెర లేదు. కాని తలమీద చిన్న దీపం, దుమ్ము దూరని రబ్బరు మీటలు, చేతిలోంచి జారని పట్టు. మనలాంటి దేశాలను చూసి రూపం దిద్దిన ఫోను అది. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. బొగ్గుపొడి పడే మన ఊరి కోసమే చేశారా అన్నంతగా ఇంటింటా కనిపించేది.

ఆ 2003నే మన ఊరు ఇంకో విధంగానూ మరచిపోదు. జూన్ 16న 7 ఎల్‌ఇపి గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది, అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. నాకు అప్పటికి పెళ్లయి ఏడాది. మా వారిది వేరే బాయి. అది నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు వణికింది. ఇంట్లో ఫోను లేదు, ఉన్నా ఎవరికి చేయాలి? పక్కింటి వదినె చేయి పట్టుకుని బాయి దాకా నడిచాను. అక్కడ నావంటి ఆడవాళ్లు ఎందరో. ఎవరూ మాట్లాడటం లేదు. వచ్చే ప్రతి మొహం వంకా చూస్తున్నాం, అంతే. మా వారు సైకిలు తోసుకుంటూ బయటికొచ్చి, "ఎందుకొచ్చినవు?" అని కసురుకున్నారు. దారిలో ఒక్క మాటా లేదు.

ఆ దసరాకి బోనసుతో ఆయన కొన్న మొదటి వస్తువు 1100 ఫోను. మాకో ఏర్పాటు కుదిరింది. పైకొచ్చి, క్యాప్‌ల్యాంపు అప్పజెప్పి, ఫోను తీసి రెండు రింగులు ఇచ్చి పెట్టేయాలి. నేను ఎత్తకూడదు, రూపాయి దండగ. రెండు రింగులంటే "పైకొచ్చిన" అని. ఇప్పుడు మాటలు ఎంతసేపు మాట్లాడినా ఒకటే ధర, బొమ్మ చూస్తూ కూడా మాట్లాడవచ్చు. అయినా మా ఇంట్లో ఆ రెండు రింగులు పోలేదు.

చిన్నవాడు మడత ఫోను సంగతి ఏం చేశావని మళ్లీ అడుగుతున్నాడు. లక్ష దాటిన ధర! వాళ్ల నాన్న డ్యూటీ దిగి రావాలి, అప్పుడు చూద్దామన్నాను.