సిలువ మార్గం: పద్నాలుగో స్థలం, బస్తర్‌లో ఖనన వివాదం

యేసు క్రీస్తు శ్రమలను, మరణాన్ని, భూస్థాపనను వరుసగా ధ్యానించే క్రైస్తవ ప్రార్థన సిలువ మార్గం. ప్రధానంగా క్యాథలిక్కులు ఆచరించే ఈ ప్రార్థనలో 14 ఘట్టాలుంటాయి. ఒక్కో ఘట్టాన్ని ‘స్థలం’ అంటారు. తపస్సు కాలపు శుక్రవారాల్లో, ముఖ్యంగా గుడ్ ఫ్రైడే నాడు దీనిని నిర్వహిస్తారు.

నేపథ్యం

యెరూషలేములో యేసు సిలువ మోసినట్లు విశ్వసించే దారి వెంట యాత్రికులు ప్రార్థిస్తూ సాగే ఆచారమే దీనికి మూలం. అక్కడి పవిత్ర స్థలాల సంరక్షణను 1342లో పోపు ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు అప్పగించారు. అంతదూరం వెళ్లలేని వారి కోసం ఆ ఘట్టాల ప్రతిరూపాలు ఐరోపా చర్చిల్లో వెలిశాయి. ఒక్కో చోట ఒక్కో విధంగా ఉన్న స్థలాల సంఖ్యను 1731లో పోపు 12వ క్లెమెంట్ 14గా స్థిరపరిచారు.

ప్రార్థన క్రమం

పిలాతు మరణశిక్ష విధించడంతో మొదలయ్యే ఈ ప్రార్థన, యేసు దేహాన్ని సమాధిలో ఉంచడంతో ముగుస్తుంది. ప్రతి స్థలం వద్ద నాయకుడు ఘట్టం పేరు ప్రకటించగా విశ్వాసులు మోకరిల్లి క్రీస్తును స్తుతిస్తారు. ధ్యానం విని, జపాలు చెప్పుకొని, పాట పాడుతూ తరువాతి స్థలానికి కదులుతారు. యేసు మూడుసార్లు కూలబడటం, వెరోనిక ఆయన ముఖం తుడవడం వంటి ఘట్టాలు సువార్తల్లో కనిపించవు. అవి సంప్రదాయం నుంచి వచ్చినవి. పూర్తిగా బైబిలు ఘట్టాలతో కూడిన మరో క్రమాన్ని 1991లో పోపు రెండో జాన్ పాల్ ఆచరించారు.

బస్తర్‌లో

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం జగదల్‌పూర్ మేత్రాసనం పరిధిలోకి వస్తుంది. 1972లో ఎక్సార్కేట్‌గా ఏర్పడిన ఇది 1977లో మేత్రాసనమైంది. కేరళ మూలాలున్న సీరో మలబార్ సంఘానికి చెందినది కావడంతో ఇక్కడ తపస్సు కాలం లాటిన్ క్యాథలిక్కుల మాదిరిగా బుధవారం కాక, సోమవారమే ప్రారంభమవుతుంది. సిలువ మార్గం మాత్రం లాటిన్ సంప్రదాయం నుంచే ఈ సంఘంలోకి వచ్చింది.

చివరి స్థలం

అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకున్న సమాధిలో యేసును ఉంచినట్లు మత్తయి సువార్త చెబుతుంది. పద్నాలుగో స్థలంలో ధ్యానించేది ఆ ఘట్టాన్నే. మృతులను ఎక్కడ ఖననం చేయాలన్నది బస్తర్ క్రైస్తవులకు నేడు న్యాయస్థానం దాకా వెళ్లిన సమస్య.

బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఒక పాస్టర్ 2025 జనవరి 7న మరణించారు. ఆయన క్యాథలిక్ కాకపోయినా, ఆ కేసు లేవనెత్తిన ప్రశ్న అన్ని సంఘాలకూ వర్తిస్తుంది. స్వగ్రామంలో ఖననానికి గ్రామస్థులు అభ్యంతరం చెప్పారని కుమారుడు కోర్టును ఆశ్రయించారు. శాంతిభద్రతల సమస్య తలెత్తుతుందని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. మృతదేహం మార్చురీలోనే ఉండిపోయింది.

జనవరి 27న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్నాభిప్రాయాలతో తీర్పునిచ్చింది. కుటుంబ సొంత వ్యవసాయ భూమిలో ఖననానికి జస్టిస్ బి.వి.నాగరత్న మొగ్గు చూపగా, నిర్దేశిత శ్మశానవాటికలోనే జరగాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ పేర్కొన్నారు. అప్పటికే 20 రోజులు గడవడంతో విస్తృత ధర్మాసనానికి నివేదించకుండా, 142వ అధికరణం కింద కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలని ఆదేశించారు. ఆ గ్రామం ఛింద్‌వాడాకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. క్రైస్తవుల ఖననానికి రాష్ట్రమంతటా ప్రత్యేక స్థలాలను రెండు నెలల్లో గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో ప్రభుత్వానికి సూచించారు.