తాతయ్యతో చూసిన బందరు

బందరు అనేది పారసీ మాట. ఓడరేవు అని దాని అర్థం. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నాన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ బందరనే అంటారు. పెద్ద ఓడలు రావడం ఎప్పుడో ఆగిపోయినా ఓడరేవు అన్న పేరు మాత్రం ఊరిని వదల్లేదు. పోయిన వేసవి సెలవుల్లో నేను మా తాతయ్యతో కలిసి ఆ ఊళ్ళో మూడు రోజులు ఉన్నాను. తాతయ్య మేనకోడలు ఇల్లు అక్కడే. సాంఘికశాస్త్రం పుస్తకంలో బందరు గురించి నాలుగైదు వాక్యాలే ఉన్నాయి. తాతయ్యతో తిరిగితే తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి. అవి మన పత్రికలో రాద్దామనిపించింది.

యానాం నుంచి బందరుకు వెళ్ళే దారి మనకు కొత్తదేమీ కాదు. మన ఊరి మీదుగా పోయే 216 జాతీయ రహదారే బందరు మీదుగా కూడా పోతుంది. ఎదుర్లంక వంతెన దాటుతుంటే, ఇది కట్టకముందు పంటు మీద గోదావరి దాటేవాళ్ళమని తాతయ్య చెప్పారు. ఆయన నలభై ఏళ్ళు వేటకు వెళ్ళిన మనిషి. నీళ్ళు కనిపిస్తే చాలు, ముందు పోటో పాటో చూస్తారు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు వాళ్ళ పెద్ద రేవు. అద్దకం బట్టలు ఇక్కడి నుంచి పారసీక దేశానికీ, తూర్పు దీవులకూ వెళ్ళేవి. ఆ బట్టల కోసమే యూరపు వర్తకులు వచ్చారు. ముందు డచ్చివారు, తర్వాత 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్ళంతా వెళ్ళిపోయినా పేట పేర్లు మిగిలాయి. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి. హాలెండు వాళ్ళను మన పూర్వీకులు వలందులన్నారు. ఫ్రాన్సు వాళ్ళను పరాసులన్నారు. ఆటో అతను "పరాసుపేటండీ, పరాసుపేట" అని కేకేస్తుంటే, మూడు వందల ఏళ్ళ చరిత్ర ఆ కేకలోనే ఉందనిపించింది నాకు.

మన యానానికీ బందరుకూ ఇంకో చుట్టరికం ఉంది. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ కోట మీద దాడి చేసి దాన్ని ఇంగ్లీషువారికి గెలిచిపెట్టాడు. అయినా ఊళ్ళో ఒక చిన్న ముక్క మాత్రం ఫ్రెంచివారి కిందే ఉండిపోయింది. 1947 అక్టోబరు 6న అది భారతదేశానికి వచ్చింది. మనం మాత్రం 1954 దాకా ఆగాల్సి వచ్చింది. "అయితే మనకన్నా ఏడేళ్ళు ముందే ఒడ్డెక్కారన్నమాట" అన్నారు తాతయ్య నవ్వుతూ.

మరి అంత పెద్ద రేవు ఎందుకు పడిపోయింది? మొదటి కారణం తీరమే. అక్కడ సముద్రం లోతు తక్కువ, బురద ఎక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకునేవి. సరుకంతా పడవల మీద చేరవేయాలి. ఆ రోజుల్లో మన తీరంలో మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలు వాడేవారు. మేకులు లేకపోతే పడవ విడిపోదా అని అడిగాను. "మేకు కొట్టింది అలకి విరుగుద్ది అమ్మలూ, కుట్టింది వంగుద్ది" అన్నారు తాతయ్య. రెండో కారణం, ఇంగ్లీషువారు 1641లో ఈ తీరంలోని తమ ముఖ్య స్థావరాన్ని బందరు నుంచి మద్రాసుకు మార్చుకున్నారు. తర్వాతి కాలంలో ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి అద్దకం పనివాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1864 నవంబరు 1 రాత్రి తగిలింది. తుఫాను గాలికి సముద్రం లేచి ఊరి మీద పడింది. మన వైపు దాన్నే ఉప్పెన అంటాం. సుమారు 30,000 మంది చనిపోయారని రికార్డుల్లో ఉంది. యానాం వీధులన్నీ కలిపి ఊహించుకుంటే గానీ ఆ అంకె నాకు అర్థం కాలేదు.

రెండో రోజు ఉదయం డచ్చివారి సమాధుల తోటకు వెళ్ళాం. పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు అది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి చనిపోయిన వాళ్ళ రాళ్ళవి. పేరు, తేదీ, వంశం గుర్తు అన్నీ చెక్కి ఉన్నాయి. ఆ భాష మా ఇద్దరికీ రాదు, అయినా అంకెలు చదవగలిగాం. తాతయ్య ఒక రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత అన్నారు: "ఎక్కడో పుట్టి ఇక్కడ పోయిన ఆయనకి రాయి ఉంది. ఉప్పెనలో పోయిన ముప్పై వేల మందికి ఏది?"

ఆయన ఎవరిని తలుచుకుంటున్నారో నాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడినప్పుడు ఆయన తమ్ముడు, అంటే మా చిన్న తాతయ్య, సముద్రం మీద ఉన్నారు. అంతకు నాలుగు రోజుల ముందే రొయ్యల వేటకు బోటు మీద వెళ్ళారు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్తే ఇంట్లో వాళ్ళు విన్నారు. బోటులో ఉన్న వాళ్ళకు వినే సాధనం లేదు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో వేటకు వెళ్ళినవాళ్ళు చాలామంది. మా చిన్న తాతయ్య శవం దొరకలేదు. చిన్న నానమ్మ ఏడాది దాకా బొట్టు తీయలేదట. ఆ తర్వాతే పెద్దకర్మ చేశారు. ఈ సంగతులు మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. తాతయ్య కూడా నాకు మొత్తంగా చెప్పింది ఆ రోజే.

ఆ సాయంత్రం గిలకలదిండి చేపల రేవుకు వెళ్ళాం. తాతయ్య అక్కడి వాళ్ళతో అయిదు నిమిషాల్లో కలిసిపోయారు. ఇప్పుడు తుఫాను కబురు ఎలా తెలుస్తుందని అడిగితే ఒకాయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారనీ, ఏ నంబరుకి ఏం చెయ్యాలో పిల్లలకు కూడా తెలుసనీ చెప్పాడు.

ఇంటికొచ్చాక మా సాంఘికశాస్త్రం మాస్టారిని అడిగితే ఆ నంబర్ల వెనక కథ తెలిసింది. 1864లో బందరు ఉప్పెనకు నెల ముందే, అక్టోబరు 5న, కలకత్తా మీద కూడా భయంకరమైన తుఫాను పడింది. ఒకే ఏడాది రెండు దెబ్బలు తిన్నాక ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఈ రోజు ఆ శాఖ వారి డాప్లర్ రాడార్లలో ఒకటి బందరులోనే ఉంది. అయినా 1977 నవంబరు 19న పక్కనే ఉన్న దివిసీమ ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారు. కబురు బయల్దేరడం ఒకటి, అది గుడిసె దాకా, బోటు దాకా చేరడం ఇంకొకటి. మధ్యలో ఎంతమంది పోయారో చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

మూడో రోజు పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూశాం. కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన బట్ట మీద చెక్క అచ్చులతో అద్దుతున్నారు. నల్ల రంగుకి బెల్లమూ పాత ఇనపముక్కలూ కలిపి ఊరబెడతారట. కంపెనీలు పోయాయి, రేవు పూడిపోయింది, ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. ఆ పని మాత్రం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చి బతికింది. చేతిపని అలా బతికినప్పుడు పేర్లు ఎందుకు బతకకూడదు అనిపించింది నాకు.

రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. కంపెనీ వాళ్ళ పేర్లు లెక్కల పుస్తకాల్లో, రాళ్ళ మీద ఉన్నాయి. మనలాంటి ఇళ్ళ వాళ్ళు మాత్రం చరిత్రలో అంకెగానే కనిపిస్తారు. 1864లో పోయిన వాళ్ళ పేర్లు అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. కానీ 1996 సంగతి వేరు. ఆ రాత్రిని చూసిన వాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు, అరుగుల మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

అందుకని బందరు హల్వా పొట్లం విప్పకముందే ఒక కొత్త నోటుబుక్కు కొన్నాను. తాతయ్య చెప్తుంటే మా పేట నుంచి ఆ తుఫానులో పోయిన వాళ్ళ పేరు, వయసు, బోటు యజమాని పేరు, ఇంట్లో ఎవరెవరు మిగిలారో రాస్తున్నాను. ఇప్పటికి 19 పేర్లయ్యాయి. మొదటి పేరు చిన్న తాతయ్యది. రెండు పేర్ల దగ్గర తాతయ్యకు ఇంటిపేరు గుర్తురాక చిన్న నానమ్మను అడిగారు. ఆవిడ వంటింట్లోంచే టక్కున చెప్పేశారు. మీ ఇళ్ళల్లో కూడా అలా గుర్తున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళని అడిగి రాసి నాకివ్వండి. నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.