న్యూయార్క్ సబ్‌వే: కొత్త మెట్రో రైలు వచ్చినా వెంటనే ఎందుకు ఎక్కనివ్వరు?

కొత్త రైలు ఫ్యాక్టరీ నుంచి రాగానే ప్రయాణికులను ఎక్కించేయరు. ఇందుకు న్యూయార్క్ సబ్‌వేలోని ఆర్‌211 రైళ్లే ఉదాహరణ. 2018లో కవాసాకీకి 535 బోగీల ఆర్డర్ ఇచ్చారు. టెస్ట్ బోగీలు 2021లో వచ్చాయి. ప్రయాణికులతో తొలి రైలు నడిచింది మాత్రం 2023 మార్చి 10న.

ఎందుకింత జాగ్రత్త?
అంతకుముందు తగిలిన దెబ్బ అలాంటిది మరి. బాంబార్డియర్ తయారుచేసిన ఆర్‌179 రైళ్లలో డోర్ల లోపం బయటపడటంతో 2020 జనవరిలో 298 బోగీలను పక్కన పెట్టేశారు. రిపేర్ చేసి మళ్లీ నడిపితే, జూన్‌లో ఓ రైలు బోగీల మధ్య లింక్ ఊడి రెండుగా విడిపోయింది. దీంతో ఆ రైళ్లను మరోసారి ఆపేశారు.

సిబ్బందికీ కొత్త పాఠమే
అక్కడ చాలా రైళ్లలో ఇద్దరు ఉంటారు. ముందు క్యాబిన్‌లో ఆపరేటర్ రైలు నడుపుతారు. మధ్యలో ఉండే కండక్టర్ డోర్లు తీస్తారు, మూస్తారు. ప్లాట్‌ఫామ్ మధ్యలో ఉండే నలుపు, తెలుపు చారల బోర్డును వేలితో చూపించాకే డోర్లు తీయాలి. రైలు సరైన చోట ఆగిందనడానికి అదే గుర్తు.

ఏం మారింది?
పాత ఆర్‌46 బోగీ పొడవు 75 అడుగులు, కొత్తది 60 అడుగులు. అంటే 8 పాత బోగీల స్థానంలో 10 కొత్తవి. డోర్ వెడల్పు 50 నుంచి 58 అంగుళాలకు పెరిగింది. జనం త్వరగా ఎక్కి దిగొచ్చు. కానీ ఆ డోర్ ప్రతిసారీ సరిగ్గా మూసుకోవాలి. అందుకే ఇన్ని టెస్టులు.