దుగరాజపట్నం నుంచి విశాఖ దాకా: ఓడల్లో తిండి, చీజ్

నాయుడుపేటకు తూర్పున, ఇప్పటి వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో వర్తక స్థావరం పెట్టింది. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు ఆర్మగాన్. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613 నాటికే గెల్డ్రియా కోట కట్టుకున్నారు. నూలుబట్టల కోసం వచ్చిన ఆ ఓడలు ఐరోపాలో లంగరెత్తాక నెలల తరబడి సముద్రం మీదే ఉండేవి. అన్నాళ్లూ వాటిలోనివాళ్లు ఏం తిని బతికారన్న సంగతికి వర్తక చరిత్రల్లో దక్కిన చోటు తక్కువ.

ఉప్పులో ఊరిన గొడ్డుమాంసం, పందిమాంసం, రాయిలాంటి బిస్కెట్లు, ఎండు బఠాణీలు, వెన్న, చీజ్, బీరు: స్థూలంగా అదే భోజనం. ఏది పాడవకుండా నిలిస్తే అది ఓడెక్కేది, రుచి సంగతి తర్వాత. పాలలోని నీరు తీసి, ఉప్పు పట్టించి, ఆరబెట్టిన చీజ్‌కు ఆ అర్హత ఉంది. డచ్చివారి ఎడమ్ చీజ్‌ను బంతిలా చేసి ఉప్పునీటిలో ఊరవేసేవారు. పైతొక్క గట్టిపడ్డాక లోపలిది చాలాకాలం నిలిచేది. వాళ్ల లైడెన్ చీజ్‌లో జీలకర్ర పడుతుంది, మన వంటింటి వాసనే.

ఇంగ్లీషు నావికుల అదృష్టం అంత బాగాలేదు. 1677 నాటి ఇంగ్లీషు నౌకాదళపు లెక్క ప్రకారం మనిషికి వారానికి 12 ఔన్సుల చీజ్, అంటే దాదాపు 340 గ్రాములు. అది సఫోక్ రకం. వెన్న తీసేసిన పాలతో చేసేది కాబట్టి చవక, కానీ కత్తికి లొంగదు. నావికులు దానితో చొక్కా బొత్తాలు చెక్కుకున్నారని కథలు పుట్టాయి. ఫిర్యాదులు పెరిగి పెరిగి, 1758లో నౌకాదళం దాన్ని వదిలేసి చెషైర్, గ్లాస్టర్ రకాలకు మారింది. అవి తినడానికి బాగుంటాయి, ఖర్చెక్కువ, నిలవ తక్కువ. నాణ్యత కోసం నిలవను కొంత వదులుకోవడం ఓడ తిండిలో చిన్న విషయం కాదు.

నెల్లూరు తీరంలో చీజ్ చేసే అలవాటు లేదు. ఇక్కడి ఉక్కకు రాత్రి తోడేసిన పాలు తెల్లారేసరికి పెరుగు. ఆ పెరుగు చిలికి, వెన్న కాచి, నెయ్యిగా దాచుకున్నారు. బియ్యం, చింతపండు, ఎండుచేప, ఊరగాయ కూడా అలా నిలిచేవే. ఇక ఓడల్లో, దూర ప్రయాణాల్లో నావికులను పట్టే స్కర్వీ జబ్బుకు నిమ్మజాతి పండ్లు మందని ఓడ డాక్టరు జేమ్స్ లిండ్ 1747లో పరీక్షించి చూపినా, బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని తప్పనిసరి చేసింది 1795లో. నేడు నిమ్మకాయలకు పేరుపడ్డ గూడూరు ఈ తీరానికి దగ్గరే.

కూలివలసలతో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఓడలెక్కారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ 342 మందితో నవంబరు 16న డర్బన్ చేరింది. ఇలాంటి ఓడల్లో అన్నం, పప్పు, నెయ్యి, ఎండుచేప, చింతపండు, మిరపకాయలు కొలత ప్రకారం ఇచ్చేవారు. తుఫానుకు పొయ్యి వెలిగించలేని రోజున అటుకులో బిస్కెట్లో గతి. వంటవాళ్లను భండారీలనేవారు. తిండి బాగోగులు చూడవలసింది ఓడ డాక్టరు. చీజ్ ఆ పట్టికలో లేదు. తెల్లవారి గదుల బల్ల మీదే అది.

గదుల ప్రయాణికులకైనా తాజా పాలు కావాలంటే ఓడ మీద ఆవు ఉండాల్సిందే. 1840లో కునార్డ్ కంపెనీ ‘బ్రిటానియా’ నిజంగానే ఒక ఆవును తీసుకెళ్లింది. శీతల యంత్రాలు వచ్చాక ఆ అవస్థ తీరింది. 1882లో ‘డునెడిన్’ న్యూజిలాండ్ మాంసాన్ని గడ్డకట్టించి లండన్ చేర్చింది. అక్కడితో ఓడ తిండికి నిలవ ఒక్కటే కొలతగా ఉండాల్సిన పని లేకపోయింది. ఒకప్పుడు నావికుడి రేషనుగా ఉన్న చీజ్‌లో మెత్తనివి, నాలుగు రోజులకే పాడయ్యేవి కూడా విందు బల్లకెక్కాయి.

వాటితో కొత్త చిక్కొచ్చింది. మెత్తని చీజ్ వేడికి చెడితే ఓడంతా జబ్బుపడుతుంది. అమెరికా రేవులకు వచ్చే విహార నౌకలను అక్కడి ఆరోగ్యశాఖ 1975 నుంచి తనిఖీ చేస్తోంది. 100కి 86 మార్కులు రాకపోతే తప్పినట్టే. చల్లని పదార్థాలను 5 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు.

ఆంధ్ర తీరానికి ఆ విహారం ఆలస్యంగా వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక చెన్నై నుంచి విశాఖకు యాత్రలు మొదలుపెట్టింది. విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది.