బండి కడుగుడు: చెరువు రేవు నుంచి ప్రెషర్ గన్ దాకా

తెలుగు పట్టణాల్లో మోటారు సైకిల్‌ను గన్నుతో కడిగించడాన్ని ‘వాటర్ సర్వీసింగ్’ అంటారు. రేకుల షెడ్డు, సిమెంటు ర్యాంపు, ఒక నీళ్ల ట్యాంకు, బెల్టుతో తిరిగే పంపు, దాని చివర పొడవాటి గొట్టం, ఇత్తడి మూతి ఉన్న గన్ను ఉంటే ఆ పని నడుస్తుంది. చూడ్డానికి చిన్న పనే అయినా దీని వెనుక మూడు వేర్వేరు చరిత్రలున్నాయి. ఒకటి ఎడ్లబండి కాలపు అలవాటు, రెండోది పరదేశంలో పుట్టిన యంత్రం, మూడోది తోటల్లో మందు కొట్టే పంపు.

పల్లెల్లో వాహనం కడగడం పశువులను కడగడంతోనే మొదలైంది. రైతులు ఎద్దులను చెరువులోకో కాలువ రేవులోకో దించి, వరిగడ్డి చుట్టతో ఒళ్లు రుద్దేవారు. బండికి పట్టిన బురద కూడా అక్కడే వదిలేది. అయితే ఇరుసు జోలికి మాత్రం నీళ్లు పోనిచ్చేవారు కాదు. అక్కడ కందెన ఉంటుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఈ కందెన గురించే. మురికి పోవాలి, కందెన నిలవాలి. తరవాత వచ్చిన ప్రతి వాహనానికీ, ప్రతి యంత్రానికీ ఈ రెండు ముక్కలే కొలత అయ్యాయి.

దేశంలో మోటారు సైకిళ్ల తయారీ 1950లలో ఊపందుకుంది. 1955లో మద్రాసు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1960లలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ సంస్థ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. ఆ కాలపు బండ్ల మురికిలో దుమ్ము కంటే నూనె పాలు ఎక్కువ. ఎన్‌ఫీల్డ్ వారి బుల్లెట్ ఇంజను అతుకుల దగ్గర ఆయిల్ చెమర్చేది. జావా, రాజ్‌దూత్ లాంటి టూ-స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో పాటే ఆయిల్ కాలేది గనుక సైలెన్సర్ మూతి చుట్టూ నల్లటి జిడ్డు పేరుకునేది. ఈ జిడ్డు ఉత్త నీళ్లకు వదలదు. కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో రుద్ది, బనియన్ వేస్టుతో తుడిచి, చివర్లో బకెట్టు నీళ్లు పోసేవారు. నీళ్లు ఇంజను పక్కనున్న ప్లాటినం పాయింట్‌లోకి పోతే నిప్పురవ్వ పుట్టక బండి స్టార్ట్ అయ్యేది కాదు. అందుకని ఆనాటి మెకానిక్కు తుడవడాన్నే నమ్ముకున్నాడు, నీటిని పొదుపుగా వాడాడు.

ఒత్తిడితో నీటిని చిమ్మే యంత్రం అప్పటికే మరెక్కడో పెరుగుతోంది. 1920ల చివర్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ ఓఫెల్ట్ ఆవిరితో జిడ్డు కరిగించే యంత్రాన్ని తయారుచేశాడు. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కెర్షర్ 1935లో స్థాపించిన సంస్థ 1950లో వేడినీటిని ఒత్తిడితో చిమ్మే శుభ్రతా యంత్రాన్ని తెచ్చింది. ఇవన్నీ కార్ఖానాలకు, లారీలకు, భారీ యంత్రాలకు ఉద్దేశించినవి. ఇంట్లో వాడుకునే చిన్న యంత్రాన్ని అదే సంస్థ 1984లో విడుదల చేసింది. అంటే ఈ సాధనం ముందు మందపాటి ఇనుముకు అలవాటుపడి, తరవాతే సున్నితమైన వాహనాల దగ్గరకు వచ్చింది.

తెలుగు నేల మీద ఆ యంత్రానికి బదులు చాలాచోట్ల ఇక్కడి పంపే పనికి కుదిరింది. మామిడి, బత్తాయి తోటల్లో ఎత్తయిన చెట్లకు మందు కొట్టడానికి మూడు పిస్టన్ల పంపు వాడతారు. దాని ఒత్తిడి సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది. ఇదే రకం పంపుకు మందు డ్రమ్ము బదులు నీళ్ల ట్యాంకు కలిపి, మోటారు బిగిస్తే సర్వీసింగ్ షెడ్డు తయారు. లారీ ఛాసిస్‌కూ ట్రాక్టర్ చక్రాలకూ పట్టిన బంకమట్టిని ఊడగొట్టే ఆ బలాన్నే మోటారు సైకిల్ మీదా ప్రయోగించారు.

1984 నుంచి 1986 వరకు జపాన్ సంస్థల భాగస్వామ్యంతో ఇండ్-సుజుకి, హీరో హోండా సి.డి.100, యమహా ఆర్.ఎక్స్.100, కవాసాకి బజాజ్ బండ్లు వరసగా వచ్చాయి. తేలికపాటి మోటారు సైకిల్ మధ్యతరగతి ఇంటి వాహనం కావడంతో దాన్ని కడిగించడం నెలవారీ ఖర్చుల్లో చేరింది. దసరా వస్తే షెడ్ల ముందు బండ్లు బారులు తీరతాయి. ఆయుధపూజకు బండి తళతళలాడాలి. పసుపు కుంకుమలు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు ఆ తరవాతే.

షెడ్లలో స్థిరపడిన మరో అలవాటు, కడిగాక డీజిలో, డీజిల్ కలిపిన పాత ఇంజనాయిలో చిమ్మడం. దీనివల్ల బండి కొత్తదానిలా మెరుస్తుంది. తుప్పు పట్టదన్న నమ్మకమూ ఉంది. కానీ ఆ తడికి రెండు రోజుల్లో దుమ్మంతా అంటుకుంటుంది. డీజిల్ తగిలిన రబ్బరు భాగాలు ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకుల మీద పడితే పట్టు పోతుంది.

ఒత్తిడి పెరిగితే జరిగేదేమిటో లెక్క చెబుతుంది. 100 బార్ (చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల) ఒత్తిడి మీద సన్నని మూతిలోంచి వచ్చే నీటి వేగం సెకనుకు దాదాపు 140 మీటర్లు, అంటే గంటకు 500 కిలోమీటర్లు. చక్రం బేరింగుకు, హ్యాండిల్ కింది కోన్ సెట్టుకు ఉన్న రబ్బరు సీళ్లు వాననూ, రోడ్డు మీద చిమ్మే నీళ్లనూ ఆపడానికి చేసినవి. ఇంత వేగమైన ధారను దగ్గర నుంచి కొడితే సీలు అంచు దాటి నీరు లోపలికి చేరుతుంది, గ్రీజు పాలలా తెల్లబడి పలచనవుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్నాళ్లకు బేరింగు అరవడం మొదలవుతుంది. ఓ-రింగు గొలుసుల్లో గ్రీజు లింకుల లోపలే మూసి ఉంటుంది. అక్కడా నష్టం ఇదే తీరు. కూలెంటుతో చల్లబడే ఇంజన్లకు రేడియేటర్ రెక్కలు వంగిపోవడం, స్టిక్కర్ల అంచులు లేవడం పైకి కనిపించే నష్టాలు.

ఇటీవలి మార్పులు ముప్పును గ్రీజు నుంచి కరెంటు తీగల దాకా విస్తరించాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏ.బి.ఎస్. (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. చక్రం పక్కనే దాని సెన్సార్ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాల అమలుతో చాలా బండ్లలో కార్బురేటర్ పోయి, ఇంధన ఇంజెక్షన్, దాన్ని నడిపే సెన్సార్లు వచ్చాయి. విద్యుత్ స్కూటర్ల బ్యాటరీల మీద తరచు కనిపించే ఐ.పి.67 గుర్తుకు అర్థం, మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని. గన్ను దెబ్బకు అది హామీ కాదు. దానికి జర్మనీలో రోడ్డు వాహనాల కోసం రూపొందిన ఐ.పి.69కె అనే వేరే పరీక్ష ఉంది. అందులో 80 డిగ్రీల వేడినీటిని 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో 10-15 సెంటీమీటర్ల దూరం నుంచి కొడతారు.

నీటి వాడకం కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. తాగునీరు వద్దని చెరువు గట్టున బండి కడిగితే ఆయిల్ నేరుగా నీటిలో కలుస్తుంది. నురగతో మురికిని ముందే నాననిచ్చే ఫోమ్ వాష్‌లో గన్ను పనీ, దాంతో నీటి ఖర్చూ తగ్గుతాయి.

ఈ అనుభవాలన్నిటి నుంచి కడిగే పద్ధతి ఒకటి స్థిరపడింది. ముందు ఇంజనూ సైలెన్సరూ చల్లారాలి. సైలెన్సర్ మూతిని, తాళం రంధ్రాన్ని కప్పాలి. మామూలు నీళ్లతో తడిపి, షాంపూ నురగ పట్టించి, అది ఆరకముందే స్పాంజితో రుద్దాలి. గన్ను వాడితే సన్నధార మూతి వద్దు, విసనకర్రలా విచ్చుకునే మూతి పెట్టాలి. కనీసం అరమీటరు దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా తిప్పుతూ కొట్టాలి. మడ్‌గార్డుల అడుగు, టైర్లు, ఫుట్‌రెస్టుల వంటి మొండి భాగాలే దానికి తగినవి. బేరింగులు, కోన్ సెట్టు, గొలుసు, స్విచ్చులు, మీటరు, ఎయిర్ ఫిల్టర్ ద్వారం, రేడియేటర్ దాని దారిలోకి రాకూడదు. వాటికి తడిగుడ్డ చాలు. బోరునీటి ఉప్పు మరకలు మిగలకుండా పొడిగుడ్డతో తుడవాలి. ఆ తరవాత బండిని నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులూ పలుమార్లు నొక్కి, అవి ఆరి, పట్టు వచ్చిందని చూసుకోవాలి. చివరగా ఆరిన గొలుసుకు చెయిన్ లూబో, 90 నంబరు గేర్ ఆయిలో పట్టించి, మిగిలింది తుడిచేయాలి. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టినట్టే, కడుగుడు ముగిసేది ఈ పనితోనే.