రాజలగ్నం నుంచి విమానపు రెక్క దాకా

శ్రీకాకుళం జిల్లాలో వంశధారా నది ఒడ్డున ఉన్న శ్రీముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు పలువురు భావిస్తారు. ఆ రాజుల తామ్రశాసనాలలో పట్టాభిషేక ముహూర్తాలు సూక్ష్మంగా చెప్పబడినవి. శక సంవత్సరం 960లో, అనగా క్రీ.శ. 1038లో, వజ్రహస్తుడు ధనుర్లగ్నంలో అభిషిక్తుడైనాడు. క్రీ.శ. 1078లో అనంతవర్మ చోడగంగదేవుని అభిషేకం మిథున లగ్నంలో జరిగినది.

లగ్నమనగా ఆ క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి. రాశులన్నిటికీ ఉదయించే కాలం సమానం కాదు. ఊరి అక్షాంశాన్ని బట్టి కూడా అది మారుతుంది. సిద్ధాంత గ్రంథాలలో ఈ లెక్కకు సాధనం జ్య.

వృత్తంలో కొంత భాగాన్ని విల్లుగా భావిస్తే, దాని కొనలను కలిపే అల్లెత్రాడే జ్య. అందులో సగాన్ని గ్రహించి, క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం 225 కలలకు ఒకటి చొప్పున 24 జ్యలకు లెక్క చెప్పినది. పరిధి 21600 కలలైతే వ్యాసార్ధం 3438 కలలు. ఈ జ్యయే అరబ్బుల నోట ‘జీబా’ అయినది. అది ‘జైబ్’గా చదవబడి, లాటిన్‌లో ‘సైనస్’గా అనువదింపబడి, నేటి ‘సైన్’ అయినది.

ఇక రెక్క సంగతి. విమానం ధ్వనివేగానికి చేరువైనప్పుడు రెక్క మీది గాలి ధ్వనివేగాన్ని దాటి, అఘాత తరంగాలు పుట్టి, నిరోధం హెచ్చుతుంది. 1935లో రోమ్‌లో జరిగిన వోల్టా సమావేశంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు బుసెమాన్, ధ్వనిని మించిన వేగాలకు రెక్కను వెనుకకు వాల్చడం మేలని వివరించాడు. ధ్వనికి లోపు వేగాలలోనూ ఇది ఉపకరిస్తుందని తరువాత తేలినది. కారణం సులభమే. ఎదురుగాలి వేగాన్ని రెండుగా విడదీస్తే, రెక్క అంచు వెంట జారే భాగం పీడనాన్ని అంతగా మార్చదు. అంచుకు లంబమైన భాగమే లెక్కకు వస్తుంది. అది వేగాన్ని వాలుకోణపు కోటిజ్యతో గుణించగా వచ్చినది.

1947లో మొదట ఎగిరిన సేబర్ విమానపు రెక్కల వాలు 35 అంశలు. దీని లెక్కను ఆర్యభటుని పట్టికతోనే కట్టవచ్చును. 35 అంశల కోటిజ్య అనగా 55 అంశల జ్య. 55 అంశలు 3300 కలలు. 14వ జ్య, అనగా 3150 కలలకు, 2728; 15వది 2859; తేడా 131. మిగిలిన 150 కలలకు 131ని 150తో గుణించి 225తో భాగిస్తే 87. మొత్తం 2815. దీనిని 3438తో భాగించగా 0.819. నేటి పట్టికలోనూ మూడు దశాంశ స్థానాలకు ఇదే విలువ! విమానం గంటకు 1000 కిలోమీటర్లు పోతున్నా, రెక్కకు లంబంగా తగిలే వేగం 819 మాత్రమే.

అయితే ఈ లాభం ఊరకే రాదు. 6 మీటర్ల రెక్కను ఇంతగా వాలిస్తే అడ్డంగా దాని విస్తీర్ణం 4.9 మీటర్లకు తగ్గుతుంది. తక్కువ వేగంలో ఎత్తుబలం తగ్గి, నేలకు దిగేటప్పుడు ఎక్కువ వేగం కావలసివస్తుంది. పైగా రెక్క మొదటనూ కొసనూ గాలి దారి మారుతుంది కనుక లెక్కలో కనిపించిన లాభమంతా దక్కదు.

విద్యార్థులు 45 అంశల వాలుకు ఇదే లెక్క చేసి చూడవచ్చును. పట్టికలో 12వ జ్య 2431.